వాహన చౌర్యం – నివారణోపాయాలు

ఒకప్పుడు ఉద్యోగి ఇంట సైకిలు ఒక ఆస్తిగా పరిగణించబడేది. నేడు ఆ స్థానాన్ని స్కూటరు, మోటారు సైకిలు, కారు ఆక్రమించాయి. తెల్లవారుజామున ‘ఎ’ షిఫ్టుకు వెళ్ళాలన్నా, రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా అస్వస్థత కలిగి ఆసుపత్రికి తరలించాలన్నా, పిల్లలను పాఠశాలకు చేర్చాలన్నా సొంత వాహనమే ఆధారం. అటువంటి వాహనం ఒక ఉదయాన పెట్టిన చోట కనిపించకపోతే కలిగే నష్టం దాని వెలతో ముగిసిపోదు. రుణంపై కొన్న వాహనమైతే మరీ కష్టం. వాహనం పోతుంది, వాయిదాలు మాత్రం నెలనెలా జీతంలో కోత పడుతూనే ఉంటాయి.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత మనకు తెలియనిది కాదు. అయినా అదనపు తాళం గురించి మనలో చాలామంది ఆలోచించేది పక్కింటివారి వాహనం పోయిన తరువాతనే. అప్పుడైనా దుకాణానికి వెళ్ళి, అమ్మకందారు చూపినదేదో కొని, ఇక నిశ్చింత అనుకుంటాం. ఏ పరికరం ఏ పని చేస్తుంది, ఏ పని చేయదు అన్న విచక్షణ లేనప్పుడు ఆ నిశ్చింతకు ఆధారం లేదు. కంపెనీ అమర్చిన తాళాలకు అదనంగా మనం అమర్చుకోగల రక్షణ సాధనాలను, వాటి బలాబలాలను సాంకేతిక దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తాళం సంపాదించి పెట్టేది సమయాన్నే

ముందుగా ఒక సత్యాన్ని అంగీకరించాలి. కావలసినంత సమయం, కావలసిన పనిముట్లు ఉన్న దొంగను ఆపగల తాళం లోకంలో లేదు. బ్యాటరీతో నడిచే చిన్న గ్రైండరు గట్టి ఉక్కును సైతం కొద్ది నిమిషాలలో కోసివేస్తుంది. అయితే దొంగకు ఆ కొద్ది నిమిషాలే కరువు. అతడు భయపడేవి మూడు: ఆలస్యం, చప్పుడు, నలుగురి చూపు. మనం కొనే ప్రతి సాధనమూ ఈ మూడింటిలో ఏదో ఒకదానిని అతని నెత్తిన మోపాలి. “ఇది దొంగకు ఎన్ని నిమిషాలు అదనంగా పట్టిస్తుంది? ఎంత చప్పుడు చేయిస్తుంది?” అన్న రెండు ప్రశ్నలతో ఏ పరికరాన్నైనా తూచవచ్చు.

కర్మాగారంలో కన్వేయరు నడిపేవారికి రెండవ సూత్రం కొత్తది కాదు. పుల్‌కార్డు స్విచ్, బెల్టు స్వే స్విచ్, ముందున్న కన్వేయరు నడుస్తున్నదన్న సంకేతం సక్రమంగా ఉంటేనే మోటారు కదులుతుంది. ఒక్కటి లోపించినా స్టార్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితముండదు. దానినే మనం ఇంటర్‌లాక్ అంటాం. వాహనం కూడా అంతే. అది తన బలంతో కదలాలంటే హ్యాండిల్ తిరగాలి, చక్రం దొర్లాలి, స్టార్టరు పని చేయాలి, ఇంధనం అందాలి, స్పార్కు పుట్టాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా బండి కదలదు. ఒకే లంకెకు మూడు తాళాలు వేయడం కంటె, మూడు వేర్వేరు లంకెల వద్ద ఒక్కొక్క అడ్డు పెట్టడం మేలు. ఎందుకంటే ఒక్కొక్క అడ్డును దాటడానికి వేరు పనిముట్టు, వేరు నైపుణ్యం కావాలి.

దొంగ పనితీరు

రోగం తెలియకుండా మందు వేయరాదు గనుక దొంగ పనితీరును క్లుప్తంగా తెలుసుకుందాం. ద్విచక్ర వాహనాలలో హ్యాండిల్ లాక్ అనేది ఒక చిన్న లోహపు మేకు మాత్రమే. హ్యాండిల్‌ను బలంగా ఒకవైపునకు తన్ని తిప్పితే ఆ మేకు విరిగిపోతుంది. ఆపైన ఇగ్నిషన్ తీగలను నేరుగా కలిపితే పాత బళ్ళు స్టార్ట్ అవుతాయి. అరిగిపోయిన తాళాలున్న బళ్ళకు ఏ తాళంచెవి అయినా సరిపోవచ్చు. స్టార్ట్ చేయలేని పక్షంలో ఇద్దరు మనుషులు బండిని ఎత్తి చిన్న ట్రక్కులో పడవేసుకుని పోతారు.

కార్ల విషయంలో పద్ధతులు మారాయి. అద్దం పగలగొట్టి తీగలు కలిపే రోజులు కొత్త కార్లకు సంబంధించినంతవరకు దాదాపు గడచిపోయాయి. నేటి దొంగ చేతిలో సుత్తి కంటె కంప్యూటరు ఉండే అవకాశమే ఎక్కువ. దానికి కారణం ఇమ్మొబిలైజర్.

ఇమ్మొబిలైజర్ నేర్పిన పాఠం

తాళంచెవి తలలో బియ్యపు గింజంత చిప్ ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి వెలువడే అయస్కాంత క్షేత్రంతోనే అది మేల్కొని తన సంకేతాన్ని పంపుతుంది. ఇంజిన్ కంప్యూటరు ఆ సంకేతాన్ని గుర్తిస్తేనే ఇంధనాన్ని, స్పార్కును అనుమతిస్తుంది. చెవి ఆకారం సరిగ్గా సరిపోయినా చిప్ లేకపోతే ఇంజిన్ నడవదు. ఇది అసలు సిసలైన ఇంటర్‌లాక్.

దీని ప్రభావం ఎంతటిదో చెప్పడానికి రెండు దేశాల అనుభవాలు చాలు. యూరోపియన్ యూనియన్‌లో 1998 నుండి కొత్త కార్లన్నింటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. నెదర్లాండ్స్ గణాంకాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, 1995–2008 మధ్యకాలంలో ఈ ఒక్క పరికరం వలన కార్ల దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గాయని అంచనా వేశారు. దీనికి విరుద్ధమైన అనుభవం అమెరికాది. అక్కడ 2011–2021 మధ్య తయారైన కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్ళలో ఇమ్మొబిలైజర్ లేదు. స్టీరింగ్ కాలమ్ తొడుగును ఊడదీసి, యు.ఎస్.బి. కేబుల్ కొసతో తాళాన్ని తిప్పే విధానం 2021–22లో సామాజిక మాధ్యమాల ద్వారా కుర్రకారుకు పాకింది. దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు సుమారు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ సవరణను ప్రకటించవలసి వచ్చింది. అంతేకాదు, పోలీసు స్టేషన్ల ద్వారా యజమానులకు ఉచితంగా స్టీరింగ్ తాళాలు పంపిణీ చేయించాయి. కంప్యూటర్ల యుగంలో కూడా ఒక ఇనుప కడ్డీయే అక్కరకు వచ్చిందన్న విషయం గమనించదగ్గది.

మన దేశంలో అధిక భాగం సాధారణ ద్విచక్ర వాహనాలకు చిప్ ఉన్న తాళంచెవి లేదు. కనుక అదనపు రక్షణ అవసరం కార్ల కంటె స్కూటర్లకు, మోటారు సైకిళ్ళకే ఎక్కువ. మనం చేస్తున్నది మాత్రం దీనికి తలక్రిందులు.

యాంత్రిక సాధనాలు

ద్విచక్ర వాహనానికి మొట్టమొదట కొనవలసినది మంచి గొలుసు, మంచి తాళం. ఇక్కడ మందం విలువను తక్కువగా అంచనా వేయరాదు. ఉక్కు లంకెను కత్తిరించడానికి కావలసిన బలం దాని కోత వైశాల్యంపై ఆధారపడుతుంది. వైశాల్యం వ్యాసం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది. 8 మిల్లీమీటర్ల లంకెకు బదులు 12 మిల్లీమీటర్ల లంకె తీసుకుంటే మందం ఒకటిన్నర రెట్లే పెరిగినా కోత వైశాల్యం 2.25 రెట్లు పెరుగుతుంది. చేతితో వాడే కట్టరుకు ఇది పెద్ద పరీక్ష. పైపొర గట్టిపరచి, లోపలి భాగాన్ని సాగే గుణంతో ఉంచిన ఉక్కు శ్రేష్ఠమైనది. పైపొర కోతను నిరోధిస్తుంది, లోపలి భాగం సుత్తి దెబ్బకు పగిలిపోకుండా కాపాడుతుంది. ప్లాస్టిక్ తొడుగు వేసిన మెలికల కేబుల్ చూడటానికి లావుగా కనిపిస్తుంది గాని, లోపలి ఉక్కు సన్నని తీగల పేట మాత్రమే. అది హెల్మెట్‌కు చాలు, బండికి చాలదు.

గొలుసు వేసే పద్ధతి కూడా గొలుసంత ముఖ్యమైనది. చక్రానికి మాత్రమే చుట్టి వదిలితే బండిని ఎత్తుకుపోవడానికి అడ్డేమీ లేదు. చక్రాన్ని, ఛాసిస్‌ను కలిపి, భూమిలో పాతిన స్తంభానికో, గోడకు బిగించిన కడియానికో కట్టాలి. తాళం నేలను తాకకుండా ఎత్తులో ఉండాలి. నేలపై ఉన్న తాళానికి నేలే దాగలి అవుతుంది. ఒక్క సమ్మెట దెబ్బ దాని పని పడుతుంది. క్వార్టర్లలో ఉన్నవారు సంబంధిత విభాగం అనుమతితో సిమెంటు నేలలో ఒక ఉక్కు కడియాన్ని పాతించుకుంటే అది ఏళ్ళ తరబడి పనికివస్తుంది.

డిస్కు బ్రేకు రంధ్రంలో బిగించే డిస్కు లాక్ చిన్నది, చవకైనది, జేబులో ఇమిడిపోతుంది. బండిని దొర్లించడాన్ని అది ఆపుతుంది గాని ఎత్తుకుపోవడాన్ని ఆపలేదు. తాళం వేసిన సంగతి మరచి బండిని ముందుకు దూకించేవారు డిస్కును, ఒక్కొక్కసారి తమ ఎముకలను కూడా పోగొట్టుకుంటారు. అందుచేత తాళం నుండి హ్యాండిల్ వరకు రంగు రంగుల జ్ఞాపిక తీగను తప్పక తగిలించుకోవాలి.

కారులో వాడే స్టీరింగ్ కడ్డీ తాళం గుణదోషాలు రెండూ తెలుసుకోవాలి. తాళం గట్టిదే అయినా స్టీరింగ్ చక్రపు అంచు గట్టిది కాదు. హాక్‌సా బ్లేడుతో అంచునే కోసి తాళాన్ని తప్పించవచ్చు. అయినా అది అద్దంలోనుండి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. పని పెరుగుతుందని దొంగకు ముందే తెలుపుతుంది. గేర్ లాక్ అంతకంటె బలమైనది. గేరును రివర్సులో బంధించి, కడ్డీని నేలకు బిగించిన ఉక్కు పెట్టెలోకి దూర్చే ఏర్పాటు ఇది. దీని బోల్టులు బిగించిన తరువాత తలలు తెగిపోయేటట్లు చేయబడి ఉంటాయి, కనుక స్పానరుతో విప్పడం సాధ్యం కాదు. మన కారు మోడల్‌కు ప్రత్యేకంగా తయారైన గేర్ లాక్‌నే అమర్చుకోవాలి. ఆటోమేటిక్ గేర్ల కార్లకు సాధారణ గేర్ లాక్ బిగిస్తే గేర్ యంత్రాంగం చెడిపోగలదు.

విద్యుత్ సాధనాలు

రహస్య స్విచ్ అనేది తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే సాధనం. పైకి కనిపించని చోట ఒక చిన్న స్విచ్ అమర్చి, ఇంజిన్‌కు కావలసిన ఏదో ఒక విద్యుత్ మార్గాన్ని దాని గుండా పంపిస్తారు. ఏ మార్గాన్ని ఎంచుకోవాలన్నదే అసలు విషయం. స్టార్టరు మార్గాన్ని మాత్రమే తెంపితే మోటారు సైకిలును కిక్‌తోనో, నెట్టుకుంటూనో స్టార్ట్ చేయవచ్చు. ఇంధనాన్ని ఇంజెక్షన్ పద్ధతిలో అందించే బళ్ళలో, కార్లలో ఫ్యూయల్ పంపు మార్గం అనువైనది. అందులోనూ పంపుకు వెళ్ళే ప్రధాన తీగను తాకకుండా, పంపు రిలే యొక్క కాయిల్ తీగను ఎంచుకోవాలి. పంపు కొన్ని ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. రిలే కాయిల్ తీసుకునేది ఆంపియరులో ఐదవ వంతుకు మించదు. తక్కువ కరెంటు ప్రవహించే చోట చిన్న స్విచ్ సరిపోతుంది, వేడెక్కే ప్రమాదమూ తక్కువ.

ఇక్కడ మూడు హెచ్చరికలు అవసరం. మొదటిది, వాహనం నడుస్తుండగా ఇంజిన్‌ను ఆపగల ఏ ఏర్పాటునూ అంగీకరించరాదు. మొబైల్ ఫోన్ ద్వారా ఎక్కడినుండైనా ఇంజిన్ ఆపవచ్చునని కొందరు అమ్మకందారులు ఘనంగా చెబుతారు. కారులో ఇంజిన్ ఆగిపోతే బ్రేకుకు అందే వాక్యూమ్ సహాయం, పవర్ స్టీరింగ్ సహాయం అంతరిస్తాయి. రహదారిపై ఎనభై కిలోమీటర్ల వేగంలో అది ప్రాణాంతకం. కారులో ఉన్నది దొంగ కాక మన బిడ్డలే కావచ్చు. ఆగి ఉన్న ఇంజిన్ తిరిగి స్టార్ట్ కాకుండా చేసే ఏర్పాటును మాత్రమే కోరుకోవాలి.

రెండవది అగ్ని ప్రమాదం. అదనపు పరికరానికి నేరుగా బ్యాటరీ నుండి తీగ లాగినప్పుడు, బ్యాటరీకి అతి సమీపంలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 5 ఆంపియర్లకు మించిన ఫ్యూజు వేయరాదు. ఇన్సులేషన్ గీరి, తీగను చుట్టి, టేపు వేసిన అతుకు రెండు వేసవులు గడిచేసరికి వదులై వేడెక్కుతుంది. సోల్డరు చేసి ష్రింక్ స్లీవ్ తొడగాలి, లేదా సరైన కనెక్టరు క్రింప్ చేయాలి. పగలు వాహనాన్ని దొంగ నుండి కాపాడే తీగ రాత్రికి దానిని బూడిద చేయరాదు కదా!

మూడవది వారంటీ. కంపెనీ వైరింగును కోస్తే, ఆ తరువాత తలెత్తే విద్యుత్ లోపాలకు తాము బాధ్యులం కామని కంపెనీ అనవచ్చును. వారంటీ కాలంలో కోత లేకుండా ప్లగ్గులతో కలిసే పరికరాలను అధీకృత కేంద్రంలోనే అమర్చుకోవడం ఉత్తమం.

అలారం విషయానికి వస్తే, అది బండిని ఆపదు. చప్పుడు మాత్రమే చేస్తుంది. గాలివానకు, వీధికుక్క తోకకు కూడా మోగే అలారాన్ని ఇరుగుపొరుగువారు వారం తిరగకుండానే పట్టించుకోవడం మానేస్తారు. నాన్నా పులి కథ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సున్నితత్వాన్ని తగ్గించి అమర్చుకోవాలి. మోగినప్పుడల్లా కిటికీ తెరిచి చూసే మనిషి ఉన్నంతవరకే అలారానికి విలువ.

తాళంచెవి లేని కార్లు

చెవి జేబులో ఉంచుకుని తలుపు తాకగానే తెరుచుకునే కార్లు సౌకర్యవంతమైనవే గాని, వాటిలో ఒక బలహీనత ఉంది. స్విట్జర్లాండ్‌లోని ఇ.టి.హెచ్. జ్యూరిక్ పరిశోధకులు 2011లోనే 10 కార్ల మోడళ్ళపై దానిని నిరూపించారు. ఒక వ్యక్తి యాంటెనాతో ఇంటి తలుపు వద్ద, మరొకడు కారు వద్ద నిలుచుంటారు. ఇంట్లో ఉన్న చెవి సంకేతాన్ని మొదటివాడు అందుకుని రెండవవానికి చేరవేస్తాడు. చెవి దగ్గరలోనే ఉన్నదని కారు భ్రమిస్తుంది. ఒక్క గీత కూడా పడకుండా కారు వెళ్ళిపోతుంది.

నివారణ సులభం. చెవిని వీధి తలుపు పక్కనున్న మేకుకు తగిలించరాదు. లోహపు పొర ఉన్న సంచిలో ఉంచాలి. ఆ సంచి నిజంగా పని చేస్తున్నదా అన్నది మనమే పరీక్షించవచ్చు: చెవిని అందులో ఉంచి కారు పక్కన నిలబడి తలుపు తాకాలి, తెరుచుకుంటే ఆ సంచి నిరుపయోగం. చాలా కార్లలో ఈ సౌకర్యాన్ని పూర్తిగా ఆపివేసే వీలు కూడా ఉంది; యజమాని పుస్తకాన్ని ఒకసారి తిరగవేయాలి.

రెండవ ద్వారం డాష్‌బోర్డు క్రింద మెకానిక్ కంప్యూటరు కలిపే సాకెట్టు. దానికి ప్రత్యేక పరికరం తగిలించి ఖాళీ చెవిని కారుకు పరిచయం చేసే ముఠాలు మన మహానగరాలలో పట్టుబడ్డాయి. ఆ సాకెట్టుపై తాళంతో కూడిన ఉక్కు మూత బిగించవచ్చు. గేర్ లాక్ ఉన్న కారులో ఈ విద్యుత్ నైపుణ్యమంతా వ్యర్థమవుతుంది. ఇంజిన్ మ్రోగుతుంది, గేరు కదలదు. వేర్వేరు లంకెల వద్ద వేర్వేరు అడ్డులు ఉండాలనడంలోని అంతరార్థం ఇదే.

ట్రాకర్ – బ్యాటరీ లెక్క

జి.పి.ఎస్. ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు, జరిగిన తరువాత జాడ చెబుతుంది. దానిలోని సిమ్ కార్డు రీచార్జి గడువు తీరినా, దొంగ జామర్ వాడినా, నేలమాళిగలో దాచినా మౌనం వహిస్తుంది. అయినా ఉపయోగకరమే. కాని కొనేముందు ఒక చిన్న లెక్క వేయాలి.

వాహనం ఆగి ఉన్నప్పుడు 20 మిల్లీ ఆంపియర్ల కరెంటును నిరంతరం తీసుకునే ట్రాకర్ ఉన్నదనుకుందాం. రోజుకు 24 గంటలకు అది 0.48 ఆంపియర్ అవర్లు ఖర్చు చేస్తుంది. కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది అయితే సగం ఖాళీ కావడానికి 36 రోజులు పడుతుంది. స్కూటరు బ్యాటరీ 4 ఆంపియర్ అవర్లది అయితే నాలుగు రోజులకే సగం ఖాళీ అవుతుంది. ఎల్.టి.సి.పై రెండు వారాలు సకుటుంబంగా వెళ్ళి వచ్చేసరికి స్కూటరు నిర్జీవంగా ఉంటుంది. కనుక ద్విచక్ర వాహనానికి నిద్రావస్థలో అత్యల్ప కరెంటు తీసుకునేది, సొంత బ్యాటరీ కలిగినది ఎంచుకోవాలి. సొంత బ్యాటరీ ఉంటే దొంగ ప్రధాన బ్యాటరీ తీగ తీసివేసినా కొంతసేపు జాడ తెలుస్తుంది. ట్రాకర్ చూపిన చోటుకు మనమే ఆవేశంగా పరుగెత్తడం తగదు. ఆ సమాచారాన్ని పోలీసులకు అందించి వారితోనే వెళ్ళాలి.

ఒక్కరి తాళం – కాలనీ రక్షణ

కనిపించే తాళం మన వాహనాన్ని కాపాడుతుంది. దొంగ మాత్రం మారడు. పక్కింటి బండి వైపు తిరుగుతాడు. కనిపించని రక్షణ స్వభావం వేరు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1986లో లోజాక్ అనే రహస్య రేడియో ట్రాన్స్‌మిటరు ప్రవేశించింది. ఏ కారులో అది ఉన్నదో బయటికి తెలిపే గుర్తు ఏదీ ఉండదు. ఇయాన్ ఎయిర్స్, స్టీవెన్ లెవిట్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పరికరం ప్రవేశించిన నగరాలలో మొత్తం మీద కార్ల దొంగతనాలు తగ్గాయని, పరికరం కొనని వారికి కూడా ఆ మేలు అందిందని తేల్చారు. ఏది ప్రమాదకరమో తెలియనప్పుడు దొంగ అన్నింటికీ జంకుతాడు.

టౌన్‌షిప్‌లో నివసించే మనకు ఇందులో ఒక పాఠం ఉంది. ఒక బ్లాకులోని పన్నెండు కుటుంబాలూ కలిసి గొలుసులు కొని, కడియాలు పాతించుకుని, రెండు మంచి దీపాలు వెలిగేలా చూసుకుంటే దొంగకు తిరగడానికి పక్కిల్లు మిగలదు. రాత్రి షిఫ్టుకు వెళ్ళే ఉద్యోగి కారు కదిలితే ఎదురింటివారికి తెలియాలి. తెలియని వ్యక్తి కదిలిస్తే ఇంకా బాగా తెలియాలి. ఏ పరికరానికీ ఇది తీసిపోదు. అలాగే బిల్లు లేకుండా సగం ధరకు వచ్చే స్పేర్ పార్టులను మనం కొనకూడదు. ఆ పార్టు ఎవరో ఒక ఉద్యోగి బండిలోనిదే కావచ్చు. కొనేవారున్నంత కాలం దొంగిలించేవారుంటారు.

కాగితపు రక్షణ

అన్ని ఏర్పాట్లూ విఫలమైన నాడు మనకు మిగిలేది బీమా. ఇక్కడే చాలామంది తెలియక నష్టపోతున్నారు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ, కార్లకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. కొనుగోలు సమయంలో ఇచ్చే పాలసీలో థర్డ్ పార్టీ భాగానికి ఐదేళ్ళ గడువు ఉన్నా, సొంత నష్టానికి సంబంధించిన భాగం సాధారణంగా ఒక్క ఏడాదికే ఉంటుంది. దొంగతనానికి పరిహారం వచ్చేది ఈ రెండవ భాగం నుండే. ఐదేళ్ళ పాలసీ ఉన్నదన్న ధీమాతో ఉన్నవారు రెండవ ఏట బండి పోతే ఒక్క రూపాయి కూడా పొందలేరు. ఈ వ్యాసం చదివిన వెంటనే పాలసీ తీసి ఈ రెండు తేదీలనూ సరిచూసుకోవలసిందిగా మనవి.

పరిహారం విలువ కూడా ఏటేటా తగ్గుతుంది. బీమా లెక్కలో వాహనం వయసు ఏడాది నుండి రెండేళ్ళ వరకు 20 శాతం, మూడు నుండి నాలుగేళ్ళ వరకు 40 శాతం, నాలుగు నుండి ఐదేళ్ళ వరకు 50 శాతం తరుగుదల. లక్ష రూపాయల స్కూటరు మూడున్నరేళ్ళ తరువాత పోతే పరిహారానికి ఆధారం 60 వేలు మాత్రమే. కొత్త వాహనానికి పూర్తి కొనుగోలు విలువ ఇచ్చే అదనపు కవరు లభిస్తుంది. రుణంపై కొన్నవారు దానిని పరిశీలించవచ్చు.

పరిహారం కోరినప్పుడు బీమా సంస్థ తాళంచెవులు రెండూ అడుగుతుంది. కొన్ననాడే రెండవ చెవిని బీరువాలో భద్రపరచాలి. వాహనంలోనే దాచడం అవివేకం. ఒక చెవి పోతే వెంటనే ఫిర్యాదు నమోదు చేసి, తాళం మార్పించి, బిల్లు ఉంచుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రం అసలును కూడా డిక్కీలో ఉంచరాదు. డిజిలాకర్, ఎం-పరివాహన్‌లలోని పత్రాలు 2018 నుండి తనిఖీలో చెల్లుతున్నాయి. 2002 నాటి మోటార్ టారిఫ్‌లో, పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. ఆమోదం పొందిన చౌర్య నిరోధక పరికరం అమర్చిన వాహనాలకు సొంత నష్టం ప్రీమియంపై 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల రాయితీ నిర్దేశించారు. రాయితీ స్వల్పమే అయినా, ఆమోదం పొందిన పరికరానికి బిల్లు, ధ్రువపత్రం ఉండటం పరిహారం వేళ అక్కరకు వస్తుంది.

వాహనం కనిపించకపోతే

ముందుగా ట్రాఫిక్ పోలీసులు తరలించారేమో విచారించాలి. కాదని తేలితే 112కు ఫోను చేసి, ఆలస్యం లేకుండా ఫిర్యాదు ఇవ్వాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ పోలీసు స్టేషన్‌లోనైనా, ఎలక్ట్రానిక్ విధానంలోనైనా ఫిర్యాదు చేయవచ్చు. ఎలక్ట్రానిక్ ఫిర్యాదుపై మూడు రోజులలోగా సంతకం చేయాలి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, వాహనం ఫొటోలు మొబైల్‌లో సిద్ధంగా ఉంచుకుంటే ఈ పని సులువవుతుంది. కారు ఫాస్టాగ్ నుండి టోల్ కోత సందేశం వస్తే వెంటనే పోలీసులకు తెలపాలి. అది కారు వెళ్ళిన దారిని చూపుతుంది.

బీమా సంస్థకు, రుణదాతకు, రవాణా కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పోలీసు ఫిర్యాదు వెంటనే ఇచ్చి ఉంటే, బీమా సంస్థకు తెలపడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే పరిహారాన్ని నిరాకరించడానికి కారణం కాజాలదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఉన్నదని జాప్యం చేయరాదు గాని, ఇప్పటికే తిరస్కరణ లేఖ అందుకున్నవారు దీనిని గుర్తుంచుకోవాలి.

ఏది ముందు, ఏది తరువాత

అన్నీ ఒకేసారి కొననవసరం లేదు. ఖర్చుకు తగిన ఫలితం దృష్ట్యా ఈ వరుస అనుసరణీయం.

1. ఖర్చు లేనివి: హ్యాండిల్ లాక్ వేసే అలవాటు, వెలుతురున్న చోటు, రెండవ చెవి భద్రత, సొంత నష్టం బీమా గడువు తేదీ.

2. ద్విచక్ర వాహనానికి: స్థిరమైన ఆధారానికి కట్టే మందపాటి గొలుసు, బయట ఆపినప్పుడు డిస్కు లాక్, ఆపైన రహస్య స్విచ్, చివరగా ట్రాకర్.

3. కారుకు: గేర్ లాక్ లేదా స్టీరింగ్ తాళం, తాళంచెవి లేని కారైతే లోహపు సంచి, సాకెట్టుకు మూత, ఆపైన ట్రాకర్.

4. కాలనీకి: కడియాలు, దీపాలు, ఇరుగుపొరుగుల పరస్పర జాగరూకత.

ఎంత మంచి తాళమైనా వేసినప్పుడే తాళం. “రెండు నిమిషాల పనే కదా” అని చెవిని బండికే వదిలి దుకాణంలోకి వెళ్ళేవారిని ఏ సాంకేతిక విజ్ఞానమూ కాపాడలేదు. కర్మాగారంలో ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేయడం ఎంతటి అపరాధమో మనకు తెలుసు. సొంత వాహనం విషయంలోనూ అదే క్రమశిక్షణను పాటిస్తే, మన కష్టార్జితం ఉదయం లేచేసరికి పెట్టిన చోటనే మనకోసం ఎదురుచూస్తూ ఉంటుంది.